బస్తర్ ఫైల్లో ఐదు ప్రశ్నార్థకాలు

ఒక ఎక్సెల్ ఫైలును ముందు పెట్టుకుందాం. ఫైలు నేను కట్టిన పొడుపుకథే. అందులో కనిపించే గుణాలు మాత్రం ఎక్సెల్‌వి, జిల్లాలు ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌వి. రెండూ నిజమే.

కింద నాలుగు ట్యాబులున్నాయి, ఇంగ్లిష్ పేర్లతో: 01 కాంకేర్, 02 బస్తర్, 04 దంతెవాడ, 05 బీజాపూర్. మూడో నంబరు లేదు. ఫైలుతోపాటు ట్యాబులకు నంబర్లు, పేర్లు పెట్టే ఒక మాక్రో, అంటే చిన్న ప్రోగ్రామ్, ఉంది. దాన్ని నడిపితే మొదటి ట్యాబు దగ్గరే 1004 అనే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. ఆల్ట్ ఎఫ్11 నొక్కి మాక్రో రాసే ఎడిటర్ లోపలికి వెళ్తే, పేర్లుండాల్సిన చోట కొటేషన్ల మధ్య ప్రశ్నార్థకాలు బారులు తీరి ఉన్నాయి. మొదటి పేరులో 6, తర్వాత 5, 9, 9, 7. రాసినవాళ్ల పేరు లేదు, తేదీ లేదు.

ముందు తేలికైనది, మూడో నంబరు సంగతి, తేల్చేద్దాం. ట్యాబులకు నంబర్లు వేసే మాక్రోలు చాలావరకు ఒకే పద్ధతిలో నడుస్తాయి. ఎడమ నుంచి మొదలుపెట్టి, ఎన్నో స్థానంలో ఉంటే ఆ అంకెను పేరు ముందు తగిలిస్తాయి. స్థానాలు లెక్కపెట్టేటప్పుడు ఎక్సెల్ దాచిన షీట్లను కూడా కలుపుకుంటుంది. అంటే 03 ఎక్కడికీ పోలేదు, దాక్కుంది. కుడి క్లిక్ చేసి ‘అన్‌హైడ్’ చూస్తే అక్కడా లేదు. ఎక్సెల్‌లో దాచడం రెండు రకాలు. రెండో రకంగా దాస్తే ఆ జాబితాలోకి కూడా రాదు, ఎడిటర్‌లోని ప్రాపర్టీస్ కిటికీలోనే దొరుకుతుంది. మన ఫైల్లో అక్కడే ఉంది: 03 నారాయణ్‌పూర్. ఎందుకు దాచారో ఫైలు చెప్పదు. నా ఊహ మాత్రం ఒకటుంది. అబూజ్‌మఢ్ అడవి ఎక్కువ భాగం ఆ జిల్లాలోనే ఉంది. అక్కడి గ్రామాలు దశాబ్దాల తరబడి రెవెన్యూ సర్వే లేకుండానే ఉండిపోయాయి. నిండని పట్టికను పైవాళ్ల కంట పడనివ్వకపోవడం ఏ ఆఫీసులోనైనా ఉన్నదే కదా.

ఇక అసలు చిక్కు, 1004. ఎక్సెల్ పది రకాల తప్పులకూ ఈ ఒక్క నంబరే చెబుతుంది కాబట్టి అనుమానితుల్ని ఒక్కొక్కరినీ తప్పించాలి. ట్యాబు పేరు 31 అక్షరాలు దాటకూడదు. ఇక్కడి పేర్లలో పెద్దది 9, నంబరు కలిపినా దాటదు. రెండు ట్యాబులకు ఒకే పేరు ఉండకూడదు. మొదటి ట్యాబు దగ్గరే ఆగింది, ఆ పేరు ఇంకెవరికీ లేదు. ఇక మిగిలింది నిషేధించిన గుర్తుల జాబితా. కోలన్, రెండు రకాల ఏటవాలు గీతలు, నక్షత్రం, రెండు చదరపు బ్రాకెట్లు, వాటితోపాటు ప్రశ్నార్థకం.

దొంగ దొరికాడు. మాక్రో ట్యాబుకు ఆరు ప్రశ్నార్థకాల పేరు పెట్టబోయింది, ఎక్సెల్ ఒప్పుకోలేదు. మరి అలాంటి పేరు ఎవరైనా ఎందుకు రాస్తారు? రాయలేదు. రాసినవాళ్లు హిందీలోనే రాశారు. ఎక్సెల్ గడులకు యూనికోడ్ వచ్చు. మాక్రో రాసే ఎడిటర్ మాత్రం ఇప్పటికీ విండోస్ పాత కోడ్ పేజీల (ఒక్కో లిపికి ఒక్కో అక్షర పట్టిక) మీదే నడుస్తుంది. జపనీస్‌కు, చైనీస్‌కు అలాంటి కోడ్ పేజీలున్నాయి. అక్కడి ప్రోగ్రామర్ తన లిపిలోనే నేరుగా రాసుకోగలడు. హిందీకీ తెలుగుకూ ఆ ఎడిటర్ వాడగల కోడ్ పేజీలు లేవు. అందుకే మన అక్షరం అతికించిన మరుక్షణం ప్రశ్నార్థకం అవుతుంది. బస్తర్‌లోని జగదల్‌పూర్‌లో కూర్చున్నా భద్రాచలంలో కూర్చున్నా ఇంతే.

ఈ నష్టంలోనే ఒక సాక్ష్యం మిగిలింది. కంప్యూటర్ దృష్టిలో గుణింతపు గుర్తు, సున్నా, హలంతు (పొల్లు) అన్నీ విడివిడి అక్షరాలే. ఒక్కోదానికి ఒక్కో ప్రశ్నార్థకం పడుతుంది. హిందీలో బస్తర్ అంటే బ, స, హలంతు, త, ర. మొత్తం ఐదు. (తెలుగులో చివర పొల్లు కూడా రాయాలి కనుక ఆరు.) కాంకేర్‌కు ఆరు, బీజాపుర్‌కు ఏడు. నారాయణపుర్‌కు తొమ్మిది. దంతేవాడాలో ‘డ’ కింది చుక్కను విడిగా కొట్టి ఉంటే దానికీ తొమ్మిదే. 6, 5, 9, 9, 7 వరస ట్యాబుల వరసతో సరిపోయింది. చెరిగిపోయాయనుకున్న పేర్లు లెక్కతో తిరిగొచ్చాయి.

ఫైలు వయసు తేలాలంటే బస్తర్ చరిత్ర కావాలి. ఒకప్పుడు బస్తర్ ఒక్కటే జిల్లా, 39,114 చదరపు కిలోమీటర్లు, కేరళ కంటే పెద్దది. 1998లో కాంకేర్, దంతెవాడ విడిపోయి మూడు జిల్లాలయ్యాయి. 2007లో నారాయణ్‌పూర్, బీజాపూర్ వచ్చాయి. 2012 జనవరిలో సుక్మా, కొండగావ్ చేరి ఏడయ్యాయి. మన ఫైల్లో ఐదే ఉన్నాయి. కనుక చివరిసారి ట్యాబు చేర్చింది 2007కూ 2012కూ మధ్య.

మొదలు పెట్టింది ఎప్పుడు? ప్రతి షీటుకూ మనకు కనిపించే పేరు కాక ఎడిటర్‌లో ఇంకో పేరుంటుంది. ట్యాబు పేరు ఎన్నిసార్లు మార్చినా అది మారదు. ఈ ఫైల్లో కాంకేర్, బస్తర్, దంతెవాడలకు షీట్1, 2, 3 ఉన్నాయి. బీజాపూర్, నారాయణ్‌పూర్ షీట్4, 5. ఎక్సెల్ 2010 దాకా కొత్త ఫైలు తెరిస్తే మూడు షీట్లు వచ్చేవి, 2013 నుంచి ఒక్కటే. మూడు షీట్లకు మూడు జిల్లాలు. మొదటి చేయి 2007కు ముందుదే కావాలి. షీట్లను కాపీ చేస్తే ఈ పేర్లు తారుమారవుతాయి గనుక ఈ ఆధారం ఒక్కదాన్నే పట్టుకుని వేలాడకూడదు. ఇక్కడ జిల్లాల చరిత్ర కూడా అదే చెబుతోంది కాబట్టి నమ్ముతున్నాను.

మరమ్మతు ఎలా? పేర్లను మాక్రోలో రాయొద్దు. ఒక షీటులో వరసగా హిందీలోనో తెలుగులోనో రాసిపెట్టి, మాక్రో ఆ గడుల నుంచి చదువుకునేలా చేస్తే ప్రశ్నార్థకాల బెడద ఉండదు. ఒక్కో అక్షరాన్నీ యూనికోడ్ అంకెగా రాయడం ఇంకో దారి. హిందీ ‘బ’కు 2348, తెలుగు ‘బ’కు 3116. పని జరుగుతుంది, ఓపిక పోతుంది. పాత నంబరు తీసి కొత్తది వేసేటప్పుడు పేర్లు ఒకదానికొకటి అడ్డు పడితే మళ్లీ 1004 వస్తుంది. అందుకని ముందు అన్నిటికీ తాత్కాలిక పేర్లు పెట్టి, రెండో విడతలో అసలు పేర్లు పెట్టాలి.

అసలు తప్పు స్థానాన్ని నంబరుగా వాడటం. ట్యాబును మౌస్‌తో పక్కకు లాగి మాక్రో మళ్లీ నడిపితే 02 కాస్తా 04 అవుతుంది. జనగణనలో బస్తర్ కోడ్ 2001లో 15, 2011లో 414. నంబరు అలాంటి కోడ్ నుంచి రావాలి, పక్కన సంవత్సరం ఉండాలి. ఇది అలంకారం కాదు. 2011 జనగణనలో బీజాపూర్‌లు రెండు: బస్తర్‌వైపుది 417, కర్ణాటకది 557. ఆ జాబితాతో దేశం మొత్తానికి ఒకే ఫైలు చేస్తే కోడ్ లేకుండా రెండో బీజాపూర్‌ను ఎక్సెల్ రానివ్వదు. సుక్మా, కొండగావ్ 2011 జాబితాలో లేవు కాబట్టి, ఈనాటి ఫైలుకు పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ కోడ్‌లు వాడటం మేలు.

మీ దగ్గరా ఇలాంటి పాత ఫైలుంటే, మాక్రో నడిపే ముందు ఒక కాపీ తీసి పక్కన పెట్టుకోండి. మాక్రో మార్చిన ట్యాబు పేర్లను కంట్రోల్ జెడ్ వెనక్కి తేలేదు.