శబ్దం పడదా.. అయినా ఇంట్లో పక్షి కావాలా? ముర్గీ చౌక్‌కు వెళ్లే ముందు ఇది చదవండి

చార్మినార్ దగ్గర నుంచి లాడ్ బజార్‌లోకి దిగి, గాజుల షాపుల మధ్య నుంచి పడమర వైపు నడుచుకుంటూ వెళ్తే చివర్లో ఓ పాత గడియార స్తంభం కనిపిస్తుంది. 1892లో అప్పటి హైదరాబాద్ ప్రధాని అస్మాన్ జా కట్టించింది. దాని చుట్టూ ఉన్న ప్రాంతమే మహబూబ్ చౌక్. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పేరు మీద వచ్చిన పేరిది. కానీ జనం నోట్లో మాత్రం ఎప్పుడూ ముర్గీ చౌక్. కోళ్లు, పావురాలు, రంగురంగుల చిన్న పిట్టలు.. పాతబస్తీలో పక్షి కొనాలంటే ముందుగా గుర్తొచ్చేది ఇదే.

పిల్లలు అడిగారనో, ఒంటరిగా ఉంటున్నాం తోడు కావాలనో పక్షి కొనేవాళ్లు చాలామందే. అందులో శబ్దం పడనివాళ్లూ ఉంటారు. మైగ్రేన్ వస్తే గిన్నె చప్పుడు కూడా భరించలేనివాళ్లు, చెవిలో ఎప్పుడూ హోరు ఉండేవాళ్లు, నైట్ షిఫ్ట్ చేసి ఉదయం పడుకునేవాళ్లు, ఇంట్లో ఆటిజం ఉన్న పిల్లలున్నవాళ్లు. వీళ్లు షాపులో అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే. భాయ్, ఇది అరుస్తుందా? అరవదు అనే సమాధానమే ఎక్కువగా వస్తుంది. అసలు సమస్య ఇక్కడే మొదలవుతుంది.

అరవని పక్షి అంటూ లేదు. తక్కువ అరిచేవి, మెత్తగా అరిచేవి, మీ చెవికి గుచ్చుకోకుండా అరిచేవి ఉన్నాయంతే.

షాపులో సైలెంట్‌గా ఉందా? ముందు అనుమానించండి

శబ్దం పడనివాళ్లు సహజంగానే పంజరంలో అన్నింటికన్నా సైలెంట్‌గా కూర్చున్న పిట్టను చూపించి ఇదే కావాలంటారు. చాలాసార్లు అది జబ్బుతో ఉన్న పిట్ట అయ్యుంటుంది. చిన్న పక్షులు అడవిలో వేరే జంతువులకు ఆహారం. అందుకే ఒంట్లో బాగోలేకపోయినా బయటకు కనిపించనివ్వవు. దాచలేని స్థితికి వచ్చాకే మూలకు చేరతాయి. ఈకలు బంతిలా ఉబ్బించుకుని ఉందా, పట్టపగలు కళ్లు సగం మూసుకుందా, కర్ర మీద కాకుండా పంజరం అడుగున కూర్చుందా, ఊపిరి తీసుకున్నప్పుడల్లా తోక పైకీ కిందకీ ఊగుతోందా చూడండి. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా కొనొద్దు. పక్క పంజరాల్లోని పిట్టలను కూడా అదే షాపులో తీసుకోకపోవడం మంచిది.

జబ్బు లేకపోయినా మౌనంగా ఉండొచ్చు. కొత్త చోటు, జనం, బండ్ల హారన్లు, చుట్టూ కోళ్ల గోల.. భయపడిన పిట్ట నోరు తెరవదు. ఇంటికి తెచ్చాక కొన్ని రోజులకు కుదురుకుంటుంది. అప్పుడు అసలు గొంతు బయటకొస్తుంది. వయసు కూడా చూడాలి. పిల్ల పక్షి గొంతు విని పెద్ద పక్షి గొంతును అంచనా వేయలేం.

పైగా ముర్గీ చౌక్ రద్దీలో మీ చెవి కూడా సరిగ్గా చెప్పలేదు. చుట్టూ అంత మోత ఉన్నప్పుడు పిట్ట కూత అందులో కలిసిపోతుంది. అదే కూత తలుపులేసిన డబుల్ బెడ్‌రూం ఫ్లాట్‌లో, టైల్స్ నేల మీద, ఉత్త గోడల మధ్య వేరేలా వినిపిస్తుంది. కాబట్టి మార్కెట్‌లో విని నిర్ణయం తీసుకోవద్దు. మీరు కొనాలనుకున్న రకాన్ని ఇప్పటికే పెంచుతున్నవాళ్ల ఇంటికి వెళ్లండి. సాయంత్రం కాఫీ టైమ్‌కి కాదు.. తెల్లవారుజామున వెళ్లండి. చిలుక జాతి పక్షులు ఎక్కువగా గొంతెత్తేది సూర్యోదయం, సూర్యాస్తమయం సమయాల్లోనే. ఆ గంట మీరు భరించగలిగితే మిగతా రోజు పెద్ద కష్టం కాదు.

లవ్ బర్డ్స్ అంటే ఏ లవ్ బర్డ్స్?

మన దగ్గర పెద్ద గందరగోళం పేర్లతోనే. హైదరాబాద్ షాపుల్లో లవ్ బర్డ్స్ అని చూపించేవి చాలావరకు బడ్జీలు. ఆకుపచ్చ, నీలం, పసుపు రంగుల్లో, మెడ వెనుక నల్ల గీతలతో, సన్నగా పొడుగు తోకతో ఉంటాయి. ఇవి ఆస్ట్రేలియా పక్షులు. అసలైన లవ్ బర్డ్స్ ఆఫ్రికావి. పొట్టి తోక, బొద్దుగా ఒళ్లు, పెద్ద ముక్కు. షాపువాళ్లు వీటిని ఆఫ్రికన్ లవ్ బర్డ్స్ అంటారు. రెండింటి శబ్దానికీ చాలా తేడా ఉంది. ఫ్రెండ్ ఇంట్లో బడ్జీలు విని, బాగానే ఉన్నాయే అనుకుని, షాపులో ఆఫ్రికన్ జంట తెచ్చుకుంటే మాత్రం ఇబ్బందే. దాని కూత సూదిలా, పదునుగా, ఆగి ఆగి వస్తుంది. పేరు అడగొద్దు, తోక చూడండి.

బడ్జీ గొంతు పెద్దది కాదు, కానీ కబుర్లు ఆగవు. గంటల తరబడి కిచకిచ నడుస్తూనే ఉంటుంది. ఇంకో విషయం, వాటి పిలుపులు ఎక్కువగా 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య ఉంటాయి. మనిషి చెవి బాగా పట్టేసేది సరిగ్గా ఆ చుట్టుపక్కల ఉండే శబ్దాలనే. అందుకే మీటర్‌లో అంకె చిన్నదిగా చూపించినా చెవికి గట్టిగా తగులుతుంది. మగదాన్నీ ఆడదాన్నీ గుర్తించడానికి ముక్కు రంధ్రాల చుట్టూ ఉన్న చర్మం చూడాలి. పెద్దయిన మగదానికి నీలంగా, ఆడదానికి గోధుమరంగులో ఉంటుంది. పూర్తి తెలుపు, పూర్తి పసుపు బడ్జీల్లో ఈ గుర్తు పనిచేయదు. మగవి ఎక్కువ మాట్లాడతాయి. ఆడవి తక్కువే కానీ కోపమొస్తే కీచుమంటాయి.

మరి ఏది తీసుకోవాలి?

మమ్మల్ని అడిగితే మొదటి ఓటు జీబ్రా ఫించ్‌కే. అది కూడా రెండు ఆడవి. ఈ జాతిలో పాట పాడేది మగవే. ఆడవి పాడవు. చిన్న పిల్లల బొమ్మ బూర లాంటి చిన్న చిన్న పీప్‌లు మాత్రం రెండూ చేస్తాయి. ముఖానికి రెండు పక్కలా నారింజ మచ్చ, గొంతు మీద నల్ల చారలు ఉంటే మగది. అవి లేకుండా సాదా బూడిద రంగులో, నారింజ ముక్కుతో ఉంటే ఆడది. తెల్ల ఫించ్‌లలో ఈ గుర్తులు కనపడవు కాబట్టి మామూలు బూడిద రంగువే తీసుకోండి. జంట కావాలని ఆడ, మగ కలిపి తెచ్చి గూడు పెట్టారంటే కొద్ది నెలల్లో పంజరం నిండిపోతుంది. రెండు పిట్టల శబ్దం భరించగలరు, పదింటిది కష్టం. ఫించ్‌ను ఒంటరిగా మాత్రం ఉంచొద్దు. గుంపులో బతికే పిట్ట అది, తోడు లేకపోతే పిలుస్తూనే ఉంటుంది. ఇవి చేతి మీద వాలి ఆడుకునే రకం కాదు, చూసి ఆనందించే రకం. పిల్లలకు ఈ విషయం ముందే చెప్పండి.

ఫించ్ కొనేటప్పుడు ఓ జాగ్రత్త. మన దేశపు మునియా పిట్టలకు ఆకుపచ్చ, ఎరుపు రంగులు పూసి విదేశీ పిట్టలని అమ్మడం దేశంలోని పక్షుల మార్కెట్లలో పాత మోసం. రంగు ఈకల మీద మచ్చలుగా, తడిసి ఆరినట్టు ఉంటే దూరంగా ఉండండి. రంగు పూసిన పిట్ట ఎక్కువ కాలం బతకడం కూడా కష్టమే.

దొరికితే డైమండ్ డవ్ కూడా మంచి ఎంపిక. ఆస్ట్రేలియాకు చెందిన చిన్న పావురం ఇది. కీచుదనం అస్సలు ఉండదు, మెల్లగా కూ అంటుంది. పదునైన శబ్దంతో తలనొప్పి వచ్చేవాళ్లకు ఇది నప్పుతుంది. కానీ అందరికీ కాదు. మగది మూడ్‌లో ఉంటే అదే కూత మళ్లీ మళ్లీ, మళ్లీ మళ్లీ చేస్తుంది. నీళ్లు చుక్కచుక్కగా పడే చప్పుడు, పక్కవాళ్లు నమిలే చప్పుడు లాంటివి విని చిరాకుపడేవాళ్లు ఉంటారు. మిసోఫోనియా అంటారు దీన్ని. అలాంటివాళ్లకు ఫించ్ పీప్‌ల కన్నా డవ్ కూతే ఎక్కువ విసుగు తెప్పించొచ్చు. సన్నటి శబ్దాలను తలుపు బాగానే ఆపుతుంది, లోతైన శబ్దాలు మాత్రం గోడ దాటి వస్తాయి. మీకు పడనిది ఏ రకం శబ్దమో ముందు తేల్చుకోండి, తర్వాతే పక్షి.

కెనరీల్లోనూ అందంగా పాడేది మగదే. దాన్నే ఎక్కువ ధర పెట్టి కొంటారు. మీకు కావాల్సింది ఆడది. ఇక్కడ బేరం మీ వైపే ఉంటుంది.

కాకటీల్ విషయంలో మాత్రం ఆలోచించి అడుగేయాలి. షాపుల్లో కాక్‌టెయిల్ అనే పిలుస్తారు. తల మీద కుచ్చు, చెంపల మీద నారింజ చుక్కలతో చూడగానే నచ్చేస్తుంది. మనుషులకు దగ్గరవుతుంది. ఆ దగ్గరతనమే చిక్కు. మీరు గది దాటి వెళ్తే ఎక్కడున్నావని పిలుస్తుంది, మీరు పలికేదాకా పిలుస్తుంది. మగవి ఈలలు వేస్తాయి, ఆడవి కొంత నయం. రాత్రిపూట ఏ చిన్న నీడ కదిలినా ఉలిక్కిపడి పంజరమంతా రెక్కలు కొట్టుకుంటుంది. పక్కన చిన్న బెడ్ ల్యాంప్ పెడితే ఇది తగ్గుతుంది. ఒంటి నుంచి తెల్లటి పొడి రాలుతుంది కాబట్టి ఆస్తమా ఉన్న ఇంట్లో వద్దు. పదిహేనేళ్లకు పైగా బతుకుతుందని కూడా గుర్తుంచుకోండి.

సన్ కాన్యూర్ రీల్స్‌లో ముద్దుగా ఉంటుంది. దగ్గర నుంచి దాని అరుపు 100 డెసిబెల్స్ దాటుతుంది. మన దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్లుండే ప్రాంతంలో పగటి పరిమితి 55, రాత్రి 45 డెసిబెల్స్. పది డెసిబెల్స్ పెరిగితే చెవికి దాదాపు రెట్టింపుగా అనిపిస్తుంది. లెక్క మీరే వేసుకోండి. కాకటూ, మకావ్‌ల సంగతి చెప్పనక్కర్లేదు. ఆఫ్రికన్ గ్రే గొంతు వాటంత పెద్దది కాదు, కానీ విన్నదల్లా పట్టేస్తుంది. మీకు ఏ రింగ్‌టోన్ పడదో అదే రోజంతా వినిపించొచ్చు.

రామచిలుక వద్దే వద్దు

శబ్దం సంగతి తర్వాత, రామచిలుకను కొనడం, అమ్మడం, పెంచడం నేరం. గోరింక, మునియాలూ అంతే. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 కింద మన దేశపు అడవి పక్షుల వ్యాపారంపై 1990ల మొదట్నుంచే నిషేధం ఉంది. 2022 సవరణతో ఈ చట్టంలో సాధారణ నేరాలకు జరిమానా పరిమితి 25 వేల నుంచి లక్ష రూపాయలకు పెరిగింది. మూడేళ్ల వరకు జైలు కూడా పడొచ్చు. మా తాతల కాలం నుంచి పెంచుతున్నాం అంటే చట్టం ఒప్పుకోదు.

విదేశీ పక్షులకూ కొత్త రూల్స్ వచ్చాయి. అంతర్జాతీయ సైటిస్ ఒప్పందం జాబితాలో ఉన్న పక్షి మీ దగ్గరుంటే కేంద్రం 2024లో తెచ్చిన నిబంధనల ప్రకారం పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. సన్ కాన్యూర్, ఆఫ్రికన్ గ్రే, లవ్ బర్డ్స్‌లో ఫిషర్ రకం ఆ జాబితాలో ఉన్నాయి. బడ్జీ, కాకటీల్, జీబ్రా ఫించ్ లేవు. అంటే తక్కువ శబ్దం చేసేవే కాగితాల తలనొప్పి కూడా తక్కువ పెడతాయి. షాపుకు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు రిజిస్ట్రేషన్ ఉండాలని 2018 పెట్ షాప్ నిబంధనలు చెబుతున్నాయి. అడగడానికి మొహమాటపడొద్దు, బిల్లు తీసుకోండి.

ఇంటికి తెచ్చాక

పంజరం బెడ్‌రూంలో వద్దు. కిచెన్‌లో అసలే వద్దు. నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే పొగ నిమిషాల్లో పక్షి ప్రాణం తీస్తుంది. హాల్లో, కర్టెన్లు, సోఫా ఉన్న వైపు గోడకు ఆనించి పెడితే శబ్దం గదిలో మోగదు. తెల్లారగానే వెలుగు పంజరం మీద పడితే కూత కూడా అప్పుడే మొదలవుతుంది. మందపాటి కర్టెన్ వేసి, రాత్రి పంజరం మీద గుడ్డ కప్పితే ఉదయం ఓ గంట నిద్ర మీకు మిగులుతుంది. పక్షికీ రోజుకు 10 నుంచి 12 గంటల చీకటి కావాలి. అరుస్తోందని పగలు గుడ్డ కప్పి ఉంచడం మాత్రం శిక్షే. మన ఎండాకాలంలో గాలాడక ప్రాణం మీదకు కూడా వస్తుంది.

పిట్ట గోల వినపడకుండా టీవీ వాల్యూమ్ పెంచేవాళ్లున్నారు. చుట్టూ శబ్దం పెరిగితే మనుషుల్లాగే పక్షులూ గొంతు పెంచుతాయి. లొంబార్డ్ ఎఫెక్ట్ అంటారు. బడ్జీల్లో, జీబ్రా ఫించ్‌లలో పరిశోధకులు దీన్ని గమనించారు. న్యూస్ డిబేట్ పెట్టిన ఇంట్లో బడ్జీలు రెచ్చిపోయేది అందుకే. న్యూస్ చానల్ వెబ్‌సైట్‌లో కూర్చుని మేమే చెబుతున్నాం, కాస్త తగ్గించండి. అరిచిన ప్రతిసారీ పరుగెత్తుకెళ్లినా, తిరిగి అరిచినా దానికి అదే అలవాటవుతుంది. మెల్లగా పలికినప్పుడు దగ్గరికెళ్లండి, గింజలు అప్పుడే పెట్టండి.

చప్పుడు వింటేనే చెవుల్లో నొప్పి వచ్చేవాళ్లు, డాక్టర్ హైపరాక్యూసిస్ అని చెప్పినవాళ్లు మాత్రం ఏ పక్షినీ కొనకముందు ఈఎన్‌టీ డాక్టర్‌తో మాట్లాడండి. తెచ్చాక భరించలేక మళ్లీ ఎవరికో ఇచ్చేస్తే నలిగిపోయేది ఆ పిట్టే. గేటు తీసి వదిలేయడం ఇంకా ఘోరం. పంజరంలో పుట్టిన బడ్జీకి, ఫించ్‌కి బయట తిండి వెతుక్కోవడం రాదు. కాకులకు, పిల్లులకు దొరికిపోతుంది.

ఇలాంటివాళ్లకు ఇంకో దారి ఉంది. బాల్కనీలో వెడల్పాటి మట్టి మూకుడు పెట్టి రెండు వేళ్ల లోతు నీళ్లు పోయండి. వేసవిలో పిచ్చుకలు, బుల్‌బుల్‌లు, తేనెపిట్టలు వచ్చి తాగి, మునిగి పోతాయి. ఇష్టం లేనప్పుడు అద్దం తలుపు వేసుకోవచ్చు. గింజలు మాత్రం చల్లకండి, పావురాలు మకాం పెట్టేస్తాయి. నీళ్లు రోజూ మార్చండి, లేదంటే దోమలు.