గాజులోంచి వచ్చిన అల్యూమినియం

1982. ఐసులో గుచ్చిన పరీక్షనాళికల ముందు నిలబడ్డాం. ప్రయోగం పాల్ స్టెర్న్‌వైస్, ఆల్‌ఫ్రెడ్ గిల్మన్‌లది. నాళికలో ఉన్నది శుద్ధి చేసిన జి-ప్రొటీన్, కణంలో స్విచ్‌లా పనిచేసేది. ఫ్లోరైడ్ వేస్తే అది మేలుకుంటుందని అనుకుంటున్నారు. కానీ ఇప్పుడు ఫ్లోరైడ్, మెగ్నీషియం రెండూ పోసినా చాలడం లేదు. ఇంకేదో కావాలి. ఎవరూ వెయ్యని ఆ మూడోది బజారులో కొన్న న్యూక్లియోటైడ్ పొడుల్లో ఉంది, వాడి పారేసే గాజు నాళికల్లోనూ ఉంది. అల్యూమినియం! మరో 28 లోహాలు వేసి చూస్తే బెరీలియం ఒక్కటే ఆ పని చెయ్యగలిగింది.

ఇక మనం మీటరులో వెయ్యి కోట్ల వంతు లెక్కలో చూద్దాం, ప్రొటీన్ గూట్లోకి దిగి.

ఎదురుగా జీడీపీ అనే న్యూక్లియోటైడ్, రెండు ఫాస్ఫేట్లతో. మూడోది కూడా ఉంటే అది జీటీపీ, స్విచ్ వేసినట్టు. అది తెగిందా, ఆరినట్టు. ఇప్పుడు ఆ మూడో చోటు ఖాళీ. అక్కడికి అల్యూమినియం వచ్చి కూర్చుంది, చుట్టూ ముగ్గు చుక్కల్లా నాలుగు ఫ్లోరిన్లు, అన్నీ ఒకే చదునులో. వెనక జీడీపీ చివరి ఆక్సిజన్, ముందు ఒక నీటి అణువు.

చదునుగా ఎందుకుంది? మామూలు ఫాస్ఫేటు ముక్కాలి పీటలా ఉబ్బెత్తుగా ఉంటుంది కదా. నీరు ఇటునుంచి తోస్తూ, జీడీపీ అటు విడిపోతూ ఉండే ఆ ఒక్క క్షణంలో మాత్రం అది ఇలా చదునవుతుంది. ఏ కెమెరాకీ అందనంత చిన్న క్షణమది. 1985లో గ్రెనోబుల్‌లో మార్క్ షాబ్ర్ బృందం ఈ అల్యూమినియం-ఫ్లోరిన్ కూర్పును మూడో ఫాస్ఫేటుకు మారువేషమంది. 1994లో స్ఫటికాల చిత్రాలు వచ్చాకే తెలిసింది, ఈ వేషం ఫాస్ఫేటుది కూడా కాదు, అది తెగుతున్న క్షణానిది. నకిలీ సరుకు అసలు కన్నా ఎక్కువ చూపించిన ఇంత గొప్ప సందర్భం నాకు మరొకటి తెలియదు.

దగ్గరికి జరిగి చూడండి. ఆ చిత్రాల్లో ఒకదానిలో, 204వ స్థానంలోని అమైనో ఆమ్లం గ్లుటమిన్ నీటి అణువును పట్టి ఉంచింది. 178లోని ఆర్జినిన్ చెయ్యి చాపి ఫ్లోరిన్లను తాకుతోంది. గంధకం చేర్చి తెగకుండా చేసిన జీటీపీని ఇదే గూట్లో పెట్టినప్పుడు ఈ రెండూ ఇలా నిలబడలేదు.

పేగు కణాల్లోని ఇలాంటి జి-ప్రొటీన్‌లో ఆ ఆర్జినిన్‌కే కలరా విషం ఒక పెద్ద ముక్కను అతికిస్తుంది. ఇక ఆ చెయ్యి అందదు. ఫాస్ఫేటు తెగక స్విచ్ అలాగే ఉండిపోతుంది, గంటల తరబడి పేగులోకి నీరు కారుతూనే ఉంటుంది.