లోతుకు దిగినవారు కొండ ఎక్కే ముందు

అలిపిరి పాదాల మండపం వద్ద నిలిచి సముద్రపు లోతుల గురించి మాట్లాడటం మీకు విడ్డూరంగా తోచవచ్చు. అయితే నేటి యాత్రికుల ప్రయాణాలను గమనించండి. ఉదయం పుదుచ్చేరిలో తొలిసారి స్కూబా డైవింగ్ చేసినవారు అదే రాత్రికి తిరుమల చేరగలరు. విశాఖలోని రుషికొండ వద్ద నీట మునిగినవారు విమానమెక్కి రేణిగుంటలో దిగగలరు. ఈ తొందరలో దాగిన ప్రమాదాన్ని వైద్యశాస్త్రం గ్రహించడానికి రెండు శతాబ్దాలకు పైగా పట్టింది.

సముద్రమట్టంలో మన దేహంపై ఒక వాతావరణ పీడనం ఉంటుంది. నీటిలో ప్రతి 10 మీటర్ల లోతుకు మరొకటి చేరుతుంది. ఆ పీడనంలో పీల్చిన గాలిలోని నత్రజని రక్తంలోనూ, కణజాలంలోనూ అధికంగా కరుగుతుంది. నెమ్మదిగా పైకి వస్తే అది ఊపిరితిత్తుల ద్వారా వెలుపలికి పోతుంది. త్వరపడితే గోలీసోడాలో గోలీ నొక్కగానే పొంగినట్లు దేహంలోనే బుడగలు పుడతాయి.

ఈ బుడగను మొదట చూసినది సముద్రంలో కాదు. రాబర్ట్ బాయిల్ ఒక పామును గాజుపాత్రలో ఉంచి గాలిని తోడివేయగా, దాని కంటిలో బుడగ కదలాడింది. 1670లో ఆయన దీనిని ప్రచురించారు. అంటే తొలి సాక్ష్యం లోతుది కాదు, ఎత్తుది. పీడనం తగ్గడమే మూలకారణమని అందులోనే సూచన ఉన్నది.

మనుషులపై ఈ జబ్బు విరుచుకుపడినది 19వ శతాబ్దంలో. ఫ్రాన్సులో ట్రిజే అనే ఇంజనీరు బొగ్గుగని తవ్వకంలో నీరు చొరబడకుండా, పనిచేసే గదిని ఒత్తిడిగల గాలితో నింపే పద్ధతిని ప్రవేశపెట్టారు. కూలీలకు కీళ్లనొప్పులు మొదలైనాయి. లోపల ఉన్నంతసేపూ బాగుండి, వెలుపలికి వచ్చాకనే బాధ కలుగుతున్నదని 1854లో పోల్, వాటెల్ అనే వైద్యులు నమోదు చేశారు. అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో మిసిసిపి నదిపై ఈడ్స్ వంతెన కట్టేటప్పుడు పదిమందికి పైగా కూలీలు ఇలాగే మరణించారు. వారిని చూసుకొనే వైద్యుడు జామినే 1870లో తానే కిందికి దిగి, కొద్ది నిమిషాలలో పైకి వచ్చి పక్షవాతానికి లోనై, అదృష్టవశాత్తూ కోలుకున్నారు.

బుడగలలోనిది నత్రజనియేనని 1878లో పాల్ బెర్ట్ నిరూపించారు. నివారణను చూపినవారు జాన్ స్కాట్ హాల్డేన్. మేకలపై ప్రయోగాలు చేసి, అంచెలంచెలుగా ఆగుతూ పైకి రావాలనే పట్టికలను 1908లో తన సహచరులతో కలిసి ప్రకటించారు. నేటి డైవింగ్ నియమాలకు పునాది అదే.

1943లో కూస్తో, గాన్యాన్ కలిసి రూపొందించిన ఆక్వాలంగ్ సామాన్యునికీ సముద్రగర్భాన్ని తెరిచింది. మరుసటి ఏడు, 1944లో, తిరుమలకు తొలి ఘాట్ రోడ్డు ప్రారంభమైంది. ఒకటి లోతుకు దారి, మరొకటి ఎత్తుకు దారి. రెండింటినీ ఒకే రోజున కలపడం మన కాలపు వింత.

తిరుమల సముద్రమట్టానికి సుమారు 2,800 అడుగుల ఎత్తున ఉన్నది. అక్కడి గాలి పీడనం సముద్రతీరం కంటే దాదాపు పదో వంతు తక్కువ. 2002లో అమెరికాలో నిపుణులు సమావేశమై, 2,000 నుండి 8,000 అడుగుల ఎత్తుకు సమానమైన పీడనంలో విమానయానానికి ముందు పాటించవలసిన విరామాన్ని సూచించారు: ఒక్కసారి మునిగితే కనీసం 12 గంటలు, పలుమార్లు మునిగితే 18 గంటలు. కొండకూ ఇదే కొలత వర్తింపజేయడం వివేకం. ఒక్కసారి కొద్ది లోతుకు దిగినవారికి ముప్పు స్వల్పమే. అయినా ఒక రాత్రి తిరుపతిలో విశ్రమిస్తే పోయేదేమున్నది? నడిచి నెమ్మదిగా ఎక్కితే దోషం లేదని తలచకండి. 3,550 మెట్ల శ్రమ కూడా బుడగలు ఏర్పడటానికి దోహదం చేయగలదు.

నీటిలో తొలి నియమం ఒక్కటే: ఊపిరి ఎన్నడూ బిగబట్టరాదు. పైకి వచ్చేకొద్దీ ఊపిరితిత్తులలోని గాలి వ్యాకోచిస్తుంది. ఈతకొలను లోతునుండి వచ్చినా ఊపిరితిత్తి చిట్లవచ్చు. నిమిషానికి 9 మీటర్లకు మించని వేగంతో పైకి రండి. 5 మీటర్ల లోతువద్ద 3 నిమిషాలు ఆగండి. దిగేటప్పుడు చెవినొప్పి మొదలైతే అక్కడే ఆగి శిక్షకునికి సైగ చేయండి. జలుబు ఉన్ననాడు మునగకండి. ఉబ్బసం, గుండెజబ్బు, చెవి శస్త్రచికిత్స వంటివి ఉన్నవారు ముందుగా వైద్యుని సంప్రదించండి. ఆరోగ్య ప్రశ్నాపత్రంలో ఏదీ దాచకండి. గర్భిణులు ఈ సాహసం మానుకోవాలి.

మునిగిన తరువాత ఒకటి రెండు రోజులలో కీళ్లనొప్పి, తిమ్మిరి, కాళ్ల బలహీనత, తల తిరుగుడు కలిగితే అలసటగా కొట్టిపారేయకండి. రోగిని పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. నూరు శాతం ప్రాణవాయువు అందించడం తొలి చికిత్స. పీడన గదిలో తిరిగి ఒత్తిడికి గురిచేయడం అసలు చికిత్స. ఎంత లోతుకు, ఎప్పుడు దిగినారో వైద్యునికి తప్పక చెప్పండి. సముద్రానికి దూరంగా ఉన్న ఊరిలో ఆ ఒక్క మాట వినకపోతే, ఈ జబ్బు ఏ వైద్యునికీ స్ఫురించకపోవచ్చు.