పూనా ముక్కు వైద్యుడు: ప్లాస్టిక్ సర్జరీ పూర్వకథ

మన సంఘ సమావేశాలలో ఆరోగ్యం మాట వస్తే గుండె, షుగరు, మోకాళ్లు, ఈ మూడింటితోనే కాలం గడిచిపోతుంది. ప్లాస్టిక్ సర్జరీ పేరు ఎవరైనా ఎత్తితే, “అది సినిమావాళ్ల వ్యవహారం లెండి” అని నవ్వేస్తారు. శరీరంలో ప్లాస్టిక్ ముక్కలేవో పెట్టి కుడతారనుకునేవారూ లేకపోలేదు. మన ఇళ్లలోని ప్లాస్టిక్ బిందెలకూ ఈ పేరుకూ సంబంధం లేదు. మలచడం అనే అర్థమిచ్చే గ్రీకు మాట నుండి ఇది వచ్చింది. జర్మనీ వైద్యుడు గ్రేఫే 1818లో ముక్కు నిర్మాణంపై వ్రాసిన గ్రంథానికి ‘రైనోప్లాస్టిక్’ అని పేరు పెట్టేనాటికి ప్లాస్టిక్ సామాను ఇంకా పుట్టనే లేదు.

ఇంతకూ గ్రేఫే కంటె ముందే ఈ విద్యను ఐరోపాకు తెలియజేసిన వార్త మన దేశం నుండి వెళ్లింది. కవాస్జీ అనే మరాఠా బండివాడు ఇంగ్లీషు సైన్యానికి ఎడ్లబండి తోలేవాడు. 1792 యుద్ధంలో టిప్పు సుల్తాను మనుషులకు చిక్కగా, వారు అతని ముక్కూ ఒక చెయ్యీ నరికివేశారు. ఏడాదికి పైగా ముక్కు లేకుండా గడిపిన తరువాత, పూనా దగ్గర ఇటుకలు చేసే కులానికి చెందిన ఒకాయన అతనికి కొత్త ముక్కు అమర్చాడు. క్రూసో అనే ఇంగ్లీషు వైద్యుడూ, మరొక వైద్యుడూ ఈ విధానాన్ని కళ్లారా చూశారు. ఆ వివరం 1794 అక్టోబరులో లండన్‌లోని ‘జెంటిల్మన్స్ మ్యాగజైన్’లో అచ్చయింది.

చేసిన పద్ధతి ఇది. ముందు మైనంతో ముక్కు ఆకారం చేసి, దానిని చదును చేసి నుదుటిపై పరచి, చుట్టూ గీత గీస్తారు. ఆ గీత వెంట చర్మం ఒలిచి, కనుబొమ్మల నడుమ మాత్రం తొడిమలాగా కొంచెం వదిలివేస్తారు. ఆ చర్మాన్ని మెలితిప్పి క్రిందికి దించి, ముక్కు స్థానంలో అమర్చి, కాచు ముద్దతో అతికిస్తారు. మత్తుమందు లేని రోజులని మరువరాదు. సుమారు 25వ రోజున ఆ తొడిమను కోసేస్తారు. మల్లెకు అంటు తొక్కినవారికి ఇందులోని కిటుకు చెప్పనక్కరలేదు. కొత్తచోట వేళ్లు పట్టేదాకా కొమ్మను తల్లి చెట్టు నుండి వేరు చేయం కదా! ఇక్కడ వేళ్ల బదులు రక్తనాళాలు.

లండన్‌లో జోసెఫ్ కార్ప్యూ అనే వైద్యుడు ఈ పద్ధతిని ముందుగా శవాలపై అభ్యాసం చేసి, 1814లో సజీవుడైన ఒక సైనికాధికారికి ముక్కు నిర్మించాడు. 1816లో పుస్తకం వేశాడు. అక్కడి నుండి ఐరోపా అంతటా పాకింది.

జీవితమంతా ఫైళ్ల మధ్య గడిపినవాణ్ణి కనుక నాకు ఒక విషయం కొట్టవచ్చినట్టు కనబడుతుంది. ఆ రికార్డులో రోగి పేరుంది, చూసినవారి పేర్లున్నాయి, బొమ్మ గీసిన జేమ్స్ వేల్స్ పేరూ మనకు తెలుసు. కత్తి పట్టినవాని కులం వ్రాశారు గాని పేరు వ్రాయలేదు. అతనికి విద్య నేర్పినది ఎవరో అసలే లేదు. కాంగ్రా ప్రాంతంలోనూ ఈ పని వంశపారంపర్యంగా చేసిన కుటుంబం ఉండేది. తండ్రి చేతిలోంచి కొడుకు చేతిలోకి పోయే విద్యకు సర్టిఫికెట్టేముంటుంది? అలాగని చదువే లేదని కాదు. చెంప చర్మంతో ముక్కు చేసే విధానం చెప్పిన సుశ్రుత సంహితలోనే, రోగిని తాకేముందు శిష్యుడు గుమ్మడి, దోసకాయల మీద కోతలూ, తామరతూళ్ల మీద నరం కోయడమూ, బొమ్మల మీద కట్లు కట్టడమూ సాధన చేయాలని ఉంది.

మొదటి ప్రపంచయుద్ధంలో ముఖాలు ఛిద్రమైన సైనికుల కోసం 1917లో ఇంగ్లండులోని సిడ్‌కప్‌లో హెరాల్డ్ గిలీస్ ప్రత్యేక ఆసుపత్రి నడిపాడు. ఆయన వద్ద శిక్షణ పొందిన డాక్టర్ ఎన్.హెచ్. ఆంటియా బొంబాయి తిరిగి వచ్చి, కుష్ఠువ్యాధితో ముఖాలు, చేతులు చెడిపోయినవారికి శస్త్రచికిత్సలు చేశారు. 1958లో నాగపూరు వైద్యకళాశాలలో డాక్టర్ సి. బాలకృష్ణన్ ఆధ్వర్యంలో మన దేశపు తొలి స్వతంత్ర ప్లాస్టిక్ సర్జరీ విభాగం ఏర్పడింది. ఇప్పుడు ఎం.బి.బి.ఎస్. తరువాత జనరల్ సర్జరీలో మూడేళ్ల ఎం.ఎస్., ఆపై మూడేళ్ల ఎం.సిహెచ్. చదవాలి. మిల్లీమీటరు మందం రక్తనాళాలను మైక్రోస్కోపు క్రింద కుట్టడం ముందు కోడితొడల మీద అభ్యాసం చేస్తారు. సుశ్రుతుని దోసకాయ పోయి కోడి వచ్చిందన్నమాట!

నేను మెడికల్ రీయింబర్సుమెంటు సీటులో ఉండగా ఒక అటెండరమ్మ బిల్లు వచ్చింది. కిరోసిన్ స్టౌ పేలి మెడ కాలి, మానిన తరువాత గడ్డం ఛాతీకి అతుక్కుపోయింది. తల ఎత్తలేదు, అన్నం సరిగా మింగలేదు. ఆపరేషను చేయించుకుంటే, “సౌందర్య చికిత్సకు చెల్లింపు కుదరదు” అని పై కార్యాలయం ఎర్రసిరాతో వ్రాసి త్రిప్పి పంపింది. కారణం, బిల్లులో ‘ప్లాస్టిక్ సర్జరీ’ అని రెండు మాటలే ఉండటం. మూడుసార్లు జవాబులు వ్రాశాక, పధ్నాలుగు నెలలకు మంజూరయింది. అప్పటికి ఆమె పుస్తెలు తాకట్టులో ఉన్నాయి.

కాలిన గాయాలు, మానని షుగరు పుండ్లు, క్యాన్సరు ఆపరేషను తరువాత దవడ నిర్మాణం, ఇవన్నీ ఈ డాక్టర్ల పనే. మన సభ్యులెవరికైనా అవసరం పడితే, ఏ అవయవం ఏ పని చేయలేకపోతున్నదో, ఆపరేషను దేనికో, డాక్టరుగారి చేత సర్టిఫికెట్టులో స్పష్టంగా వ్రాయించుకొని, ఒక నకలు తమ వద్ద ఉంచుకోవలసిందిగా మనవి.