వేట పోయింది, కంబళి మిగిలింది

పుష్యమాసపు తెల్లవారుజామున గుడుపల్లె రైల్వేస్టేషన్‌లో ఎవరి ముఖమూ సరిగ్గా కనబడదు. ఒకరికి మంకీ క్యాపు, ఇంకొకరికి చెవుల మీదుగా చుట్టిన తువ్వాలు, బెంగుళూరు పనికి పోయే కుర్రాళ్లకు టోపీ ఉన్న జాకెట్టు. ఎప్పుడైనా ఒకరోజు ప్లాట్‌ఫారం చివర నల్ల కంబళి కప్పుకున్న పెద్దాయన కూడా కనిపిస్తాడు. నేలమీదే కూర్చుని ఉంటాడు, కానీ వణకడు. ఈ సీమలో చలిని ఎదిరించిన పాత బట్ట ఆయన భుజం మీద ఉన్నదే.

కోస్తావాళ్లకు మన చలి సంగతి చెబితే నమ్మరు. మదనపల్లె సముద్రమట్టానికి సుమారు ఏడు వందల మీటర్ల ఎత్తున ఉంది. దాని పక్కనే ఉన్న హార్స్‌లీ కొండలు పన్నెండు వందల మీటర్లు దాటుతాయి. పుంగనూరు, కుప్పం కూడా మైసూరు పీఠభూమి అంచున ఉన్న ఊళ్లే. పగలు ఎండ కాసినా, పొద్దు గుంకితే రాతి గుట్టలు వేడిని వదిలేస్తాయి. మంచు కురుస్తుంది. అలాంటి రాత్రి వేట కోసం అడవి అంచున కదలకుండా కూర్చోవలసినవాడు ఏం కప్పుకున్నాడు? చేతిలో డబ్బు లేనప్పుడు దేన్ని ఎంచుకున్నాడు? ఈ సీమ చరిత్రలో ఎవరూ పెద్దగా రాయని పేజీ అది.

చలికాలమే వేటకాలం

మన దేవుళ్లు కూడా చలిలోనే వేటకు బయలుదేరతారు. కనుమ నాడు తిరుమలలో పారువేట జరుగుతుంది. అహోబిలంలో అదే రోజు మొదలయ్యే పారువేట కోసం స్వామి పల్లకీ ఎక్కి వారాల తరబడి ఊరూరా తిరుగుతాడు. లేపాక్షి వీరభద్రాలయం కప్పు మీద పదహారో శతాబ్దపు చిత్రకారులు కిరాతార్జునీయ కథను, అందులోని పందిని బొమ్మ కట్టారు. చలికాలమంటే రాగి కోతలు అయిపోయి, పొదల ఆకు రాలి, చూపు దూరం ఆనే కాలం. వేటకు అనువైన రోజులే ఒళ్లు కొంకర్లు పోయే రోజులు.

కుప్పం ప్రాంతం కంగుంది జమీందారీలో ఉండేది. పుంగనూరుకు వేరే జమీందారీ. వేటకు కదిలే దొరకు కోటు, బూట్లు ఉంటాయి. డప్పులు కొట్టి మెకాల్ని తోలేవాడికి, మంచె కట్టేవాడికి, మోపు మోసేవాడికి అవి ఎక్కడివి? వాళ్లకు దిక్కు కంబళి.

బెంగుళూరు వేటగాడు కెన్నెత్ ఆండర్సన్ (1910–1974) ఇటు మామండూరు, అటు తమిళనాడులోని జౌళగిరి అడవుల పులుల గురించి 1950ల్లో పుస్తకాలు రాశాడు. వాటిలో తుపాకీ పేలే క్షణం చిన్నది, ఎదురుచూపు పెద్దది. చీకట్లో దగ్గకూడదు, కాలు కదపకూడదు. నడిచేవాడికి నడకే కుంపటి. కూర్చున్నవాడికి మాత్రం ఒంటి మీది బట్టే కుంపటి.

గొర్రె వీపు నుంచి మనిషి భుజానికి

ఈ బట్ట కురుబల చేతిపని. 1909లో ఎడ్గర్ థర్‌స్టన్ దక్షిణ భారత కులాల గురించి ఏడు సంపుటాలు అచ్చు వేసినప్పుడు, కురుబలను గొర్రెల కాపరులుగా, ముతక కంబళ్లు నేసేవారుగా నమోదు చేశాడు. నల్ల గొర్రెల ఉన్ని కత్తిరించి, ఏకి, దూదిలా విడదీసి, చేత్తో వడికి, గుంత మగ్గం మీద నేస్తారు. పడుగుకు చింతపిక్కల గంజి పట్టిస్తారు. దాంతో నూలు బిగిసి, మగ్గం మీద తెగకుండా ఆగుతుంది. కొత్త కంబళి అట్టలా బిరుసుగా ఉండేది అందుకే. దానికి రంగు వేయరు. గొర్రె నలుపే దాని నలుపు.

ఇందులో డబ్బు చేతులు మారేది తక్కువ. కాపరి తన మందను రైతు చేలో కట్టేవాడు. ఎరువు రైతుకు, ధాన్యం కాపరికి. ఉన్ని ఇంటిది, పని ఇంటివాళ్లది. అందుకే చాలామంది పేదవాళ్ల ఇళ్లలోనూ కంబళి ఉండేది. పగలు తలమీద గొడుగు, వానలో ముసుగు, రాత్రి పరుపు, అవసరమైతే గింజలు మోసే మూట. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరుకోవడం అనే సామెత పుట్టిందంటే, జనం దాని మీద కూర్చుని తిన్నంత దగ్గరగా బతికారన్నమాట.

ఉన్ని చేసే పని

అడవి రాత్రికి కంబళి ఎందుకు సరిపోయిందో ఉన్ని స్వభావమే చెబుతుంది. ఉన్ని పోగు తన బరువులో దాదాపు మూడో వంతు తేమను పీల్చుకుని కూడా ఒంటికి తడిగా తగలదు. తేమను పీల్చుకునేటప్పుడు కొంచెం వేడిని కూడా విడుస్తుంది. నూలు బట్ట మంచుకు తడిస్తే ఒంటికి అతుక్కుని ఉన్న వేడిని లాగేస్తుంది. గుట్ట ఎక్కి చెమటపట్టిన చొక్కాతోనే మంచె మీద కూర్చున్నవాడికి ఆ తేడా అర్ధరాత్రికి తెలిసొస్తుంది.

నెగడు దగ్గర కూర్చున్నప్పుడు నిప్పురవ్వ పడితే ఉన్ని అంత తేలిగ్గా అంటుకోదు. పడినచోట నల్లగా మాడి ఆరిపోతుంది. నైలాన్ అయితే కరిగి చర్మానికి అంటుకుంటుంది. పైగా నైలాన్ జాకెట్టు చెయ్యెత్తితే గరగరమంటుంది, కంబళి చప్పుడు చేయదు. చీకట్లో దాని నలుపు చీకటిలో కలిసిపోతుంది. గుచ్చుకుంటుంది, బరువు, తడిస్తే ఆరడానికి రెండు రోజులు. ఆ లోపాలన్నీ నిజమే. వాటితో సహా భరించారు.

కంబళి కొనలేనివాడు గోనెసంచి తీసుకుని, ఒక మూలను మరో మూలలోకి నొక్కి, ముసుగులా తలకు తగిలించుకునేవాడు. గాలి ఆగేది. వెచ్చదనం మాత్రం అంతంతే.

రైలు తెచ్చిన దుప్పటి

1864లో జోలార్‌పేట నుంచి బెంగుళూరు కంటోన్మెంటుకు రైలు వేశారు. ఆ దారిమీదే కుప్పం, గుడుపల్లె. 1884లో బెంగుళూరులో ఉన్ని, నూలు, పట్టు మిల్లు స్థాపించారు. మెత్తని మిల్లు దుప్పటి వచ్చాక ముతక కంబళి చిన్నబోయింది. ఆ తర్వాత పానిపట్టులో పాత ఉన్ని బట్టల్ని చీల్చి, మళ్లీ నూలు తీసి నేసిన చవక దుప్పట్లు సంతలకెక్కాయి. గొర్రెలూ మారాయి. ఉన్నికి ధర లేక, మాంసానికి గిరాకీ పెరిగి, ఉన్ని పెరగని నెల్లూరు జాతి గొర్రె మందల్లోకి వచ్చింది. ఉన్ని లేనిచోట మగ్గం ఏం చేస్తుంది? ఒకనాడు పేదవాడి బట్టగా ఉన్న చేనేత కంబళి ఇప్పుడు సంతలోని దుప్పటికంటే ఖరీదైంది.

మంచె మీద ఇప్పుడు

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, వేటకు అడ్డుకట్ట పడింది. ఆగవలసిందే. కానీ రాత్రి జాగారం ఆగలేదు. 1980ల్లో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి ఏనుగులు కుప్పం, పలమనేరు వైపు వచ్చి నిలిచాయి. 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. రాగి కంకి పాలు పోసుకుంటే గుడుపల్లె చుట్టుపక్కల రైతుకు కంటిమీద కునుకు ఉండదు. ఒకప్పుడు జంతువును చంపడానికి కూర్చున్న మనిషి, ఇప్పుడు దాన్ని చంపకుండా, పంటను పోగొట్టుకోకుండా కూర్చోవాలి. రెండో పని మొదటిదానికన్నా కష్టం, రాత్రులు ఇంకా ఎక్కువ.

ఆ కాపలాకు బట్టలు కొనేటప్పుడు పాతవాళ్ల లెక్క ఇప్పటికీ పనికొస్తుంది. చేను చేరగానే చెమట చొక్కా విప్పి పొడిది తొడుక్కోవాలి. దానిమీద పాతదైనా ఉన్ని స్వెట్టరు. తల, చెవులు, పాదాలు కప్పకుండా ఒంటికి ఎన్ని చుట్టినా లాభం లేదు. కింద నేల చలి లాగకుండా మడిచిన గోనె. అన్నిటికన్నా పైన కంబళి. డబ్బు తక్కువైతే మిగతావన్నీ పాతవి వాడుకుని, ఆ పైదానికే ఖర్చు పెట్టాలి. అది ఒక్క చలికాలానికి కొనే వస్తువు కాదు, ఏళ్ల తరబడి నిలుస్తుంది.

ఏనుగు నష్టానికి పరిహారం గురించి మాట్లాడతాం, కంచెల గురించి, కందకాల గురించి మాట్లాడతాం. చేలో రాత్రంతా కూర్చునే మనిషి ఒంటిమీద ఏముందో కూడా అడగాలి. ఉన్ని గొర్రెను, గుంత మగ్గాన్ని నిలబెట్టి, ఆ మగ్గం మీది కంబళిని ఆ మంచె మీదికి చేర్చగలిగితే, ఒకే ఖర్చుతో కురుబ చేతికి పని, రైతు ఒంటికి వెచ్చదనం. ఈ నేల తనకు కావలసిన బట్టను ఎప్పుడో నేసి పెట్టుకుంది. దాన్ని అటక మీది నుంచి దించడమే మన వంతు.