ఒంటరి వేటకీ గుర్రాల మనిషి కావాలి!

ఇవాళ ఒక ప్రశ్నతో మొదలుపెడతాను. అమెరికా రాకీ పర్వతాల్లో ఒక్కడే వేటకెళ్ళినవాడు, రోడ్డుకి 15 కిలోమీటర్ల లోపల ఎల్క్‌ని కొట్టాడనుకోండి. ఎల్క్ అంటే మన కణుజు కంటే పెద్ద జింక. బాగా ఎదిగిన మగది 300 కిలోలు దాటుతుంది. ఎముకలు తీసేసినా సుమారు 100 కిలోల మాంసం! నాలుగు ట్రిప్పులు మోసేలోపు పాడైపోవచ్చు. వదిలేసి వస్తే చాలా రాష్ట్రాల్లో నేరం.

జీపు పంపొచ్చు కదా అంటారా? వైల్డర్‌నెస్‌గా ప్రకటించిన అడవుల్లో కుదరదు. ప్రెసిడెంట్ లిండన్ జాన్సన్ 1964లో సంతకం చేసిన చట్టం అక్కడ మోటారు బండ్లని ఆపేసింది. ఇక మిగిలింది గుర్రాలు, కంచరగాడిదలు. 1870ల్లో జనరల్ క్రూక్ సైన్యం సామాను మోసింది కూడా కంచరగాడిదలే. వాటి మీద మూటలు కట్టే విద్య ఎక్కువగా మెక్సికో వాళ్ళ దగ్గర నేర్చుకున్నది. లారీలొచ్చాక పోవాల్సిన ఆ పనిని ఈ చట్టం బతికించింది అంటాను నేను.

అయితే గుర్రం ఉన్న ప్రతివాడూ డబ్బు తీసుకుని మోయకూడదు. నేషనల్ ఫారెస్ట్‌లో ఫారెస్ట్ సర్వీస్ పర్మిట్ కావాలి, ఐడహో లాంటి చోట రాష్ట్రం లైసెన్స్ కూడా ఉండాలి. అందుకే తెలిసిన వేటగాడు తుపాకీ పేల్చకముందే ప్యాకర్‌తో మాట్లాడుకుంటాడు.