సావుకారు పద్దు నుంచి సర్వరు దాకా: మన కూలి లెక్క ఎవరి చేతిలో?

కొంచెం పెద్ద పోస్టు, తీరిగ్గా చదవండి.

మన దగ్గర చరిత్ర అనగానే లేవిడితో మొదలుపెడతాం. 1967 అక్టోబర్ 31న మొండెంఖల్లు గిరిజన సంఘం సభకు పోతున్న మనవాళ్ల మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న చనిపోయారు. తర్వాత ఏం జరిగిందో అందరికీ తెలుసు. కానీ వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం లాంటి మాస్టార్లు చెప్పే మాట వినడానికి జనం ఎందుకు కదిలారు అన్నది మనం తక్కువ మాట్లాడుకుంటాం. భూమి, కూలి, అప్పు. ఈ మూడూ ఒకే చోట కలిసేవి, సావుకారు పద్దు పుస్తకంలో. ఉప్పు, గుడ్డ ఇచ్చినపుడు రాసుకునేది ఆయనే. సంతలో చింతపండు, పసుపు తూచేది ఆయనే. ఎంత తీరింది, ఎంత మిగిలింది చెప్పేదీ ఆయనే. మన తాతలకు ఆ పుస్తకం చదవడం రాదు, చదువుతామన్నా చూపించేవాడు కాదు. 1917లోనే ఏజెన్సీ భూముల బదలాయింపు మీద చట్టం ఉంది, 1959లో ఇంకోటి, 1970లో మరింత గట్టిగా 1/70. చట్టాలు ఉన్నా భూమి జారిపోయిందంటే, లెక్క మన చేతిలో లేకపోవడం అందులో పెద్ద కారణం అని నా అభిప్రాయం.

ఉద్యమాన్ని అణిచేసిన తర్వాత, 1971-72లో దేశంలో ఆరు చోట్ల పెట్టిన పైలట్ గిరిజనాభివృద్ధి ఏజెన్సీల్లో శ్రీకాకుళం ఒకటి. ఆ తర్వాత ఐటీడీఏలు వచ్చాయి. సీతంపేట, పార్వతీపురం కథ మీకు తెలుసు కాబట్టి దాన్ని దాటేస్తున్నాను.

ఈ పోస్టు అసలు ఉపాధి పని గురించి. ఇంకా సరిగా చెప్పాలంటే, ఉపాధి పని లెక్కల్ని కంప్యూటర్లతో, ఊరూరా తిరిగి చదివిన పరిశోధక బృందాల గురించి. ఇదీ మన చరిత్రే. ఎవరూ పుస్తకాల్లో రాయరు గానీ.

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో పథకం మొదలైంది. మొదటి విడత 200 జిల్లాల్లో విజయనగరం ఉంది. శ్రీకాకుళం రెండో విడతలో, 2007లో చేరింది. మన రాష్ట్రంలో ఒక కొత్త పని చేశారు. మస్టరు, కొలత, పే ఆర్డరు అన్నీ కంప్యూటరులోకి ఎక్కించి, ఎవరైనా చూసేలా బయట పెట్టారు. 2009లో సామాజిక తనిఖీకి విడిగా సంస్థ పెట్టారు. ఊరి యువకులే మస్టరు పట్టుకుని ఇంటింటికీ వెళ్లి 'ఈ వారం పనికి వెళ్లావా, ఎన్ని రోజులు?' అని అడిగేవారు. సావుకారు పద్దుకీ దీనికీ తేడా చూడండి. రాసేది ఇప్పటికీ వేరేవాళ్లే, కానీ తొలిసారి ఆ పుస్తకం తెరిచి ఉంది.

తెరిచి ఉంది కాబట్టే దొంగ మస్టర్లూ కనపడ్డాయి. అప్పట్లో కూలి డబ్బులు ఎక్కువగా పోస్టాఫీసు ద్వారా వచ్చేవి. కొండ మీంచి దిగి, రోజంతా కూర్చుని, 'రేపు రా' అనిపించుకుని తిరిగి వెళ్లడం పెద్దవాళ్లకి బాగా గుర్తు. అందుకే ప్రభుత్వం స్మార్ట్‌కార్డు తెచ్చింది. వేలిముద్ర వేస్తే ఊళ్లోనే డబ్బు ఇవ్వడానికి బ్యాంకు తరఫున ఒక మనిషి ఉండేవారు, చాలాచోట్ల డ్వాక్రా మహిళలే. ఇది పనిచేస్తుందా, ఉత్త హడావిడా? ఈ ప్రశ్నకు జవాబు వెతికింది కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ అనే ముగ్గురు ఆర్థికవేత్తల బృందం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది జిల్లాలు, అందులో మన విజయనగరం ఒకటి.

వాళ్లు చేసిన పద్ధతి మనం అర్థం చేసుకోవాలి, కష్టమేం కాదు. 296 మండలాలను లాటరీ తీశారు. 112 మండలాలకు కార్డు ముందు, 45 మండలాలకు చివర, మిగతా 139 మధ్యలో. ఎవరి పలుకుబడి వల్లా కాదు, చీటీ వల్ల. రెండేళ్ల తర్వాత, 2012లో, ముందు వచ్చిన మండలాలనీ చివర వచ్చే మండలాలనీ పక్కపక్కన పెట్టి చూశారు. కంప్యూటరులో ఎవరి పేరున ఎన్ని రోజులు, ఎంత డబ్బు పడిందో ఆ జాబితా పట్టుకుని ఇంటికి వెళ్లి అడిగారు. జాబితాకీ ఇంటికీ మధ్య తేడాయే దొంగతనం. సామాజిక తనిఖీలో మన పిల్లలు చేసిన పనే ఇది, వేల ఇళ్లలో, గణితం జోడించి.

కార్డు వచ్చిన మండలాల్లో డబ్బు తీసుకోడానికి పట్టే టైము 20% తగ్గింది. కూలి చేతికొచ్చే ఆలస్యం 29% తగ్గింది. మధ్యలో పోయేది 41% తగ్గింది. ప్రభుత్వం ఎక్కువ ఖర్చు పెట్టలేదు, కూలీలకు చేరింది మాత్రం పెరిగింది. లబ్ధిదారుల్లో 90% పైగా పాత పద్ధతి కంటే ఇదే బాగుందన్నారు. తర్వాత అదే బృందం ఇంకో లెక్క తీసింది. పేద ఇళ్ల ఆదాయం సుమారు 13% పెరిగితే, అందులో ఎక్కువ భాగం ఉపాధి కూలి కాదు, బయట పనుల్లో వచ్చిన సంపాదన. ఉపాధి డబ్బు నమ్మకంగా వస్తుంటే రైతు కూడా కూలి పెంచక తప్పలేదన్నమాట. 1960ల్లో సంఘం పెట్టి, కొట్లాడి అడిగిన కూలి రేటు గుర్తు చేసుకోండి.

ఇక్కడ ఆగి ఒక చిన్న విషయం చూడాలి, చాలామంది దీన్ని వదిలేస్తారు. రెండేళ్ల తర్వాత కూడా కార్డు మండలాల్లో చెల్లింపులు దాదాపు సగమే కార్డు మీద జరిగాయి. మిగతా సగం? కార్డు లేనివాళ్లకు పాత పద్ధతిలోనే ఇచ్చారు. 'కార్డు లేకపోతే కూలి లేదు' అని ఎవరూ అనలేదు.

అదే బృందం తర్వాత జార్ఖండ్‌లో రేషన్ మీద ఇలాంటి అధ్యయనమే చేసింది. అక్కడ ఆధార్ వేలిముద్ర తప్పనిసరి. దొంగతనం తగ్గినట్టు కనపడలేదు. అంతకుముందు ఆధార్ లింకు చేయించుకోని 23% మందికి అందే సరుకు మాత్రం సగటున 10% తగ్గింది. రెండుచోట్లా యంత్రం వేలిముద్రనే అడిగింది. మన దగ్గర అప్పట్లో అది పడకపోయినా వేరే దారి ఉండేది, అక్కడ లేదు. టెక్నాలజీ మంచిదా చెడ్డదా అని గ్రూపుల్లో కొట్టుకునేవాళ్లు ఈ రెండు ఫలితాలూ పక్కపక్కన పెట్టుకోవాలి. వేలిముద్ర పడనివాడిని ఏం చేస్తారు అన్న నిబంధన దగ్గరే అంతా తేలిపోతోంది. పోడు కొట్టి, రాళ్లు మోసి అరిగిన వేళ్లున్న సవర తాతకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

రెండో బృందం లిబ్‌టెక్ ఇండియా. ఇంజినీర్లు, సామాజిక శాస్త్రవేత్తలు, ఊళ్లలో తిరిగే కార్యకర్తలు కలిసిన గుంపు. మన రాష్ట్రం ఏజెన్సీ ఊళ్లలోనూ పనిచేస్తారు. వీళ్లు లాటరీలు తియ్యరు. ప్రభుత్వ వెబ్‌సైటులో ఉన్న లక్షల చెల్లింపుల వివరాలను ప్రోగ్రాం రాసి దించుకుని, ప్రభుత్వం వెయ్యని కూడికలు వేస్తారు.

వాళ్ల పెద్ద లెక్క 2016-17ది. పది రాష్ట్రాలు, 90 లక్షలకు పైగా చెల్లింపులు. చట్టం ప్రకారం 15 రోజుల్లో కూలి పడాలి, 16వ రోజు నుంచి రోజుకు 0.05% నష్టపరిహారం ఇవ్వాలి. ప్రభుత్వ వెబ్‌సైటు ఈ పరిహారాన్ని మండలం నుంచి పే ఆర్డరు వెళ్లేవరకే లెక్కకట్టేది. ఆ తర్వాత కేంద్రం నుంచి ఖాతాలో పడేదాకా పట్టిన రోజులు ఏ లెక్కలోనూ లేవు. లిబ్‌టెక్ వాళ్లు ఆ రెండో ముక్కని కూడా కలిపారు. టైముకి పడినవి 21% మాత్రమే అని తేలింది, ఒక్క కేంద్రం దగ్గరే సగటున 50 రోజులకు పైగా ఆలస్యం. ఊళ్లో అప్పటిదాకా తిట్లు తిన్నది ఎవరు? ఫీల్డ్ అసిస్టెంటు, మేటు. డబ్బు ఆగింది ఢిల్లీలో. ఆలస్యం సంగతి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. స్వరాజ్ అభియాన్ కేసులో 2018 మే 18న కోర్టు, 15 రోజుల్లో కూలి కార్మికుడి హక్కు అని, రెండో దశ ఆలస్యానికీ కేంద్రమే బాధ్యురాలని చెప్పింది.

ఆ తర్వాత కథ అంత బాగాలేదు. 2023 జనవరి 1 నుంచి పనిచోట ఫొటో తీసి యాప్‌లో హాజరు వెయ్యడం తప్పనిసరి. సిగ్నలు కోసం చెట్టెక్కే ఊళ్లు మనవి. 2024 జనవరి 1 నుంచి కూలి మొత్తం ఆధార్ ద్వారానే. అంటే జాబ్ కార్డుకు ఆధార్, బ్యాంకు ఖాతాకు ఆధార్, రెండింట్లో పేరు ఒకేలా ఉండడం, పైన మ్యాపింగు. ఒక్క ముడి జారినా డబ్బు ఆగుతుంది. జాతాపు అమ్మమ్మ పేరు ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా రాసింది ఆవిడ కాదు, కానీ సరిచేసుకోడానికి మండల కేంద్రం చుట్టూ తిరగాల్సింది ఆవిడే. వేరే దారి ఉంచిన స్మార్ట్‌కార్డు పద్ధతిని వదిలి, జార్ఖండ్ పద్ధతి పట్టుకున్నారని నాకనిపిస్తుంది.

ఈ లింకుల హడావిడి నడుస్తున్న రోజుల్లోనే పేర్లు తీసేయడం ఒక్కసారిగా పెరిగింది. పార్లమెంటులో ప్రభుత్వం చెప్పిన లెక్క ప్రకారం 2021-22లో దేశంలో సుమారు 1.5 కోట్ల పేర్లు తీసేస్తే, 2022-23లో 5 కోట్లు దాటాయి. మన రాష్ట్రంలో 6 లక్షల చిల్లర నుంచి 78 లక్షలకు. అందులో చనిపోయినవాళ్లు, రెండుసార్లు ఉన్న పేర్లు ఉంటాయి, కాదనను. కానీ తీసేయడానికి రాసే కారణాల్లో ఒకటి 'పని చేయడానికి ఇష్టం లేదు'. ఎవరు ఎవరిని అడిగి రాశారు? అటవీ హక్కు పట్టా ఉన్న గిరిజన కుటుంబానికి 100 మీద ఇంకో 50 రోజులు పని ఉండేది. పేరు పోతే ఆ 150 రోజులూ పోయినట్టే, వేసవిలో చెన్నై, హైదరాబాద్ బస్సెక్కాల్సిందే.

పేరు తీసేసేముందు గ్రామసభలో జాబితా చదవాలి, ఆ మనిషికి చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. 2022 ఏప్రిల్ నుంచి సీతంపేట, పార్వతీపురం రెండు ఐటీడీఏలూ పార్వతీపురం మన్యం జిల్లాలోనే ఉన్నాయి. ఊరి పేరుతో జాబ్ కార్డుల జాబితా, తీసేసిన పేర్లు, పక్కన కారణం, తేదీ వెబ్‌సైటులో వచ్చేవి. ఒక సాయంత్రం సంఘం ఇంటి ముందు కూర్చుని ఆ జాబితా పైకి చదివితే, ఎవరు బతికే ఉన్నారో, ఎవరు మొన్నటిదాకా గట్టు పనికి వచ్చారో చెప్పడానికి ప్రోగ్రాం అక్కర్లేదు. ఊళ్లో అందరికీ తెలుసు.